ఆరో గది, పదహారో మనిషి: ఫ్రెంచి పల్లెల పెద్ద ఇళ్లలో అతిథి వసతికి చట్టం పెట్టిన హద్దులు

అధ్యక్షులకు, సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఫ్రాన్స్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో కొన్నేళ్లుగా ఒక ఆలోచన తరచుగా వినబడుతోంది. పారిస్ శివారులోని ఫ్లాటు అమ్మేసి, ఆ డబ్బుతో లిమూజాఁ, బెర్రీ వంటి చవక ప్రాంతాల్లో పాతకాలపు పెద్ద ఇల్లు కొని, తాము అందులో కాపురం ఉంటూ మిగిలిన గదులను యాత్రికులకు ఇస్తే ఎలా ఉంటుందన్నది ఆ ఆలోచన. అది లాభమా నష్టమా అని తేల్చడం నా పని కాదు. అటువంటి వసతిని ఫ్రెంచి చట్టం ఏ లెక్కన చూస్తుంది, గీత ఎక్కడ గీస్తుంది, ఆ గీత దాటిన ఇల్లు చట్టం కళ్లకు ఏమవుతుంది అన్నదే ఈ సాయంత్రం నాకు అప్పగించిన అంశం.

చర్చకు పట్టు దొరకడానికి ఒక ఇంటిని మనసులో పెట్టుకుందాం. లువార్ నదికి దక్షిణాన, ఊరికి దూరంగా, తోట మధ్యలో ఒక పద్దెనిమిదో శతాబ్దపు రాతి ఇల్లు ఉందనుకోండి. దానిని ఊరివాళ్లు షాటో, అంటే కోట అంటారు. పై రెండంతస్తుల్లో పన్నెండు పడకగదులు, మధ్యలో ఓక్ చెక్కతో కట్టిన వెడల్పాటి మెట్లు, పక్కన వాడుకలో లేని గుర్రపుశాల, నారింజ మొక్కలను చలికాలంలో దాచేందుకు కట్టిన పొడవైన అద్దాల శాల, వెనుక ఈతకొలను, ఒక బావి, ఎప్పుడు తవ్వించారో ఎవరికీ గుర్తులేని సెప్టిక్ ట్యాంకు ఉన్నాయి. కొనేవారు మొదట చూసేది ఆ పన్నెండు గదులనే, మొదట వేసుకునే లెక్క కూడా వాటిదే. చట్టం మాత్రం ఆ లెక్కను మొదటి మెట్టు మీదే ఆపేస్తుంది.

సొంత ఇంట్లో అతిథులకు గది ఇవ్వడాన్ని ఫ్రాన్స్‌లో షాంబ్ర్ దోట్ అంటారు. ఈ పద్ధతి పాతదే అయినా, దానికి స్పష్టమైన చట్టరూపం 2006 ఏప్రిల్ 14 నాటి చట్టంతోనూ, 2007 ఆగస్టు 3 నాటి డిక్రీతోనూ వచ్చింది. ఆ నియమాలు ఇప్పుడు పర్యాటక స్మృతిలో ఎల్ 324-3 నుంచి మొదలయ్యే అధికరణాల్లో ఉన్నాయి. వాటి ప్రకారం, నివాసి తన ఇంట్లో ఉన్న అమర్చిన గదులను, ఒకటి లేదా కొన్ని రాత్రులకు, డబ్బు తీసుకుని, కొన్ని సేవలతో కలిపి యాత్రికులకు ఇవ్వడమే షాంబ్ర్ దోట్. అతిథిని ఆహ్వానించి చూసుకోవలసింది ఆ ఇంటి నివాసే. గదులు 5కు, ఒకేసారి బస చేసే మనుషులు 15కు మించకూడదు. మన పన్నెండు గదుల ఇంట్లో ఏడు గదులు ఈ నిర్వచనం బయటే మిగిలిపోతాయి.

ఈ నిర్వచనంలో అందరి కళ్లూ 5, 15 అనే అంకెల మీదే పడతాయి గానీ, నా ఉద్దేశంలో దాని ప్రాణం నివాసి అన్న షరతులో ఉంది. యజమాని లియోఁలో ఉద్యోగం చేసుకుంటూ, పల్లెలోని ఇంటికి ఒక మేనేజరును పెట్టి, తాళంచెవిని గుమ్మం పక్కన అంకెల పెట్టెలో ఉంచి గదులు నడిపిస్తే, గోడలు ఎంత పాతవైనా, పొద్దున్నే పెట్టే జామ్ ఎంత ఇంటి తయారీ అయినా, అది షాంబ్ర్ దోట్ కాదు. మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ నడిపే హోమ్‌స్టే పథకం కూడా ఈ తీరులోనే ఆలోచించింది. గదులకు ఆరు, పడకలకు పన్నెండు అని హద్దు పెట్టి, యజమాని కుటుంబం అక్కడే ఉండాలని అడుగుతుంది. ఇంటివాళ్లు లేని ఇంటిని రెండు దేశాలూ అతిథి గృహంగా చూస్తాయే తప్ప ఆతిథ్యమిచ్చే ఇల్లుగా చూడవు.

గదిలో ఏముండాలన్నదానిలో పెద్ద చిక్కులు లేవు. ప్రతి గది నుంచి స్నానాలగదికి, మరుగుదొడ్డికి దారి ఉండాలి. దుప్పట్లు, తువ్వాళ్లు యజమానే ఇవ్వాలి. గదుల, స్నానాలగదుల శుభ్రత రోజూ జరగాలి, దానికి విడిగా డబ్బు అడగకూడదు. ఉదయపు అల్పాహారం గది అద్దెలోనే కలిసి ఉంటుంది. స్నానాలగది కాక గది వైశాల్యం కనీసం 9 చదరపు మీటర్లు, కప్పు ఎత్తు 2.20 మీటర్లు ఉండాలి. ఈ చివరి కొలత పెద్ద ఇళ్లలో ఒక తమాషా చేస్తుంది. పై అంతస్తులో, వాలు పైకప్పు కింద, ఒకప్పుడు పనివాళ్లు పడుకున్న గదులుంటాయి. కొనేవాళ్లకు అవే ముచ్చటగా కనబడతాయి. టేపు తీసుకుని నిటారుగా నిలబడగలిగిన చోటు నుంచి నిటారుగా నిలబడగలిగిన చోటు వరకు కొలిస్తే, నేల మీద పదిహేను చదరపు మీటర్లున్న గది ఆ ఎత్తు దగ్గర ఏడు చదరపు మీటర్లకు కుంచించుకుపోతుంది. కిటికీ ఎంత అందంగా ఉన్నా ఆ గది అతిథికి పనికిరాదు.

ఇప్పుడు అసలు గీత దగ్గరకు వద్దాం. ఇక్కడ రెండు వేర్వేరు హద్దులున్నాయి, వాటిని కలగాపులగం చేసుకోవడం వల్లే చాలామంది ఇబ్బందిలో పడతారు. ఆరో గది తెరిస్తే పర్యాటక స్మృతి ఇచ్చిన షాంబ్ర్ దోట్ అనే హోదా పోతుంది. పదహారో మనిషి పడుకుంటే అగ్నిభద్రతా నియమావళి లోపలికి వస్తుంది. అప్పటినుంచి ఆ ఇల్లు ప్రజలను స్వీకరించే సంస్థ, అంటే ఫ్రెంచివారు మూడక్షరాల్లో ఇఆర్‌పి అని పిలిచే వర్గంలో చేరి, హోటళ్లకు వర్తించే నియమాల కిందికి వెళుతుంది. 1980 జూన్ 25 నాటి ఉత్తర్వు, చిన్న సంస్థల కోసం 1990 జూన్ 22న దానికి చేర్చిన భాగం దీనికి ఆధారాలు. ఇంటంతటా పొగను పసిగట్టే యంత్రవ్యవస్థ, వాటంతటవే మూసుకునే మంట నిరోధక తలుపులు, బయటపడే దారిని చూపే దీపాలు, భద్రతా సంఘం తనిఖీలు, వికలాంగుల రాకపోకలకు 2005 ఫిబ్రవరి 11 నాటి చట్టం కోరే ఏర్పాట్లు, ఇవన్నీ ఆ హోదాతో పాటు వస్తాయి. హద్దులోపల ఉన్న షాంబ్ర్ దోట్‌కు మాత్రం మామూలు ఇంటికి ఉన్న బాధ్యతలే ప్రధానం. 2015 మార్చి 8 నుంచి ప్రతి ఇంట్లో తప్పనిసరి అయిన పొగ హెచ్చరిక పరికరం వాటిలో మొదటిది. ఒక్కటి చాలని చట్టం అన్నా, చెక్క మెట్లున్న ఇంట్లో ప్రతి అంతస్తుకూ ఒకటి, ప్రతి గదికీ ఒకటి పెట్టమనే నేను చెబుతాను.

ఆ ఓక్ మెట్లనే తీసుకోండి. హోటల్ నియమాలు వచ్చిన ఇంట్లో మంట, పొగ మెట్లదారి గుండా పై అంతస్తులకు ఎక్కకుండా దానిని గోడలతో, తలుపులతో మూయమని భద్రతా సంఘం అడుగుతుంది. ఇల్లు 1913 డిసెంబరు 31 నాటి చట్టం కింద చారిత్రక కట్టడంగా రక్షణలో ఉంటే, అవే మెట్లను ముట్టుకోవడానికి సంస్కృతి శాఖ ప్రాంతీయ కార్యాలయం అనుమతి కావాలి. ఆ కార్యాలయం తరఫున చూసేవారు రెండు వందల యాభై ఏళ్ల మెట్ల చుట్టూ జిప్సమ్ గోడ కట్టనివ్వడం అరుదు. రెండు కార్యాలయాలూ తమ తమ చట్టం ప్రకారం సరైన మాటే చెబుతాయి, మధ్యలో యజమాని నక్షాలు మోసుకుని తిరుగుతుంటాడు. ఇలాంటి ఇంట్లో 5 గదులకు ఆగిపోవడం పిరికితనమని కొందరు మిత్రులు నవ్వారు. నేను మాత్రం దానిని లెక్క తెలిసిన పనే అంటాను.

ఈ నిబంధనలను కాగితాల బాధగా మాత్రమే చూడవద్దని చెప్పడానికి ఒక సంఘటన గుర్తుచేయాలి. 2023 ఆగస్టు 9న అల్సాస్ ప్రాంతంలోని వింట్‌సెన్‌హైమ్‌లో, పాత ధాన్యపు కొట్టాన్ని మార్చి సెలవుల బసగా నడుపుతున్న భవనం తెల్లవారుజామున తగలబడి 11 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది సెలవులకు బృందంగా వచ్చిన వికలాంగులు. పై అంతస్తులో పడుకున్నవారికి బయటపడే దారి దొరకలేదు. ఆ భవనానికి తప్పనిసరిగా జరగవలసిన భద్రతా సంఘం తనిఖీ జరగలేదని విచారణ అధికారులు ఆ రోజుల్లోనే ప్రకటించారు. అంతమంది పడుకునే చోటు మామూలు ఇంటి నియమాలతో నడవకూడదన్నదే ఆ పదహారో మనిషి దగ్గరి గీతకు అర్థం.

మిగిలిన ఏడు గదులను ఏం చేయాలన్న ప్రశ్నకు చాలామంది ఎంచుకునే దారి గుర్రపుశాల వైపు సాగుతుంది. దానిని వంటగదితో సహా విడిగా అమర్చి, ఒక కుటుంబానికి వారం చొప్పున ఇస్తే అది జీట్, అంటే చట్టం భాషలో అమర్చిన పర్యాటక గృహం అవుతుంది. అది వేరే హోదా కాబట్టి దానికి నమోదు వేరు, పన్ను లెక్క వేరు. 2024 నవంబరు 19న వచ్చిన కొత్త చట్టం ఇటువంటి గృహాలన్నీ 2026 మే 20 లోగా జాతీయ స్థాయిలో ఒకే నమోదు పద్ధతిలోకి రావాలని నిర్దేశించింది. ఒకే ఆవరణలో అతిథి గదులు, జీట్ రెండూ నడపడం నిషిద్ధం కాదు. అయితే ఒకే కప్పు కింద రెండింటినీ పెట్టి, కాగితం మీద మాత్రం విడివిడిగా చూపితే, భద్రతా సంఘం పడుకునే మనుషులను కలిపే లెక్కపెడుతుంది. ఇంకో తేడా కూడా గమనించండి: జీట్‌కు ప్రభుత్వ నక్షత్రాలు తెచ్చుకోవచ్చు గానీ అతిథి గదులకు ప్రభుత్వం నక్షత్రాలు ఇవ్వదు. జీట్ ద ఫ్రాన్స్ ఇచ్చే గోధుమ కంకుల గుర్తు గానీ, క్లేవకాఁస్ ఇచ్చే తాళంచెవుల గుర్తు గానీ ఆయా సంస్థల సొంత ముద్రలు. కాబట్టి షాంబ్ర్ దోట్ బోర్డు మీద నాలుగు నక్షత్రాలు వేయించుకోవడం నేరానికి దగ్గరగా వెళ్లే పని.

అద్దాల శాలను పెళ్లిళ్లకు ఇవ్వాలన్న ఆశ మనవాళ్లకు మరీ ఎక్కువ. దాని గురించి ఒక్క మాటే చెప్పి వదిలేస్తాను: విందులకు ఇచ్చే శాల ఎప్పుడూ ఇఆర్‌పియే, రాత్రి ఎవరూ పడుకోకపోయినా సరే. మ్యూజిక్ పెడితే పాటల హక్కుల రుసుము వసూలు చేసే సంస్థ సాసెమ్‌కు డబ్బు కట్టాలి, పొరుగువారి నిద్ర సంగతి ఊరి మేయరుకు తెలియకుండా పోదు.

భోజనం విషయం కాస్త సరదాగా ఉంటుంది. అల్పాహారం హోదాలో భాగం కాబట్టి దానికి విడిగా అనుమతి అక్కర్లేదు. రాత్రి భోజనం కూడా పెట్టాలనుకుంటే దానిని టాబ్ల్ దోట్ అంటారు, హోటలు కాకుండా ఉండడానికి దానికీ షరతులున్నాయి. ఇంట్లో బస చేసినవారికే వడ్డించాలి, అందరికీ ఒకే వంట ఉండాలి, ఇంటివాళ్లు తినే బల్ల దగ్గరే కూర్చోబెట్టాలి, స్థానికంగా పండిన దినుసులతో వండాలి. ఊళ్లోవాళ్లు ఆదివారం భోజనానికి వస్తామంటే కుదరదు. వంకాయలూ టమాటాలూ పక్క తోటవే అయితే గుత్తివంకాయ కూర వండి పెట్టడానికి ఈ షరతుల్లో ఏదీ అడ్డురాదు, పైగా ఒకే వంట అన్నది మన ఇళ్లలో కొత్త నిబంధనేమీ కాదు. భోజనంతో పాటు వైన్ పోయాలంటే మాత్రం లైసెన్సు తీసుకోవాలి. తెరవడానికి కనీసం పదిహేను రోజుల ముందు మేరీలో, అంటే మన పంచాయతీ కార్యాలయం వంటి చోట, ప్రకటన ఇవ్వాలి. అతిథి గదులవారి కోసం ఏర్పాటు చేసిన ఏడు గంటల శిక్షణ పూర్తిచేసి, పదేళ్లు చెల్లే అనుమతి పత్రం పొందాలి. భోజనం ధరలోనే వైన్ కలిపేశాం కదా అన్న వాదన చెల్లదు.

ఇంటి వెనుక వైపుకు వెళదాం, ఎందుకంటే ఖర్చంతా అక్కడే దాక్కుని ఉంటుంది. నేలలో తవ్విన ఈతకొలనుకు, 2003 జనవరి 3 నాటి చట్టం ప్రకారం, పిల్లలు పడిపోకుండా కంచె, అలారం, మూత, పైకప్పు వీటిలో ఏదో ఒకటి ప్రమాణాలకు తగినట్టు ఉండి తీరాలి. లేకపోతే జరిమానా 45,000 యూరోల దాకా వెళ్లవచ్చు. ఇంటివాళ్లు మాత్రమే ఈదే కొలను వేరు, అతిథులు దిగే కొలను వేరు. రెండో దాని నీటి నాణ్యత మీద ప్రాంతీయ ఆరోగ్య సంస్థ పర్యవేక్షణ ఉంటుంది. బావి నీళ్లు తియ్యగా ఉన్నాయని కుటుంబం తాగితే మేరీలో ప్రకటిస్తే సరిపోతుంది. అవే నీళ్లను అతిథుల కుళాయిలకు ఇవ్వాలంటే ప్రెఫెక్టు, అంటే జిల్లా స్థాయిలో ప్రభుత్వ ప్రతినిధి, అనుమతి కావాలి. దానికి పరీక్షలు, నివేదికలు, నెలల తరబడి ఎదురుచూపు తప్పవు, కాబట్టి ఊరి నీటి గొట్టం గేటు దాకా వచ్చిందో లేదో ముందే కనుక్కోవడం మేలు.

సెప్టిక్ ట్యాంకు గురించి ఎవరూ అడగరు, కానీ నేను మొదట అడిగేది అదే. ఊరి మురుగు కాలువకు కలవని ఇళ్లను స్పాంక్ అనే స్థానిక విభాగం తనిఖీ చేస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు మూడేళ్ల లోపు జరిగిన తనిఖీ నివేదిక జతచేయాలి. అందులో లోపం రాసి ఉంటే, కొన్నవారు ఏడాది లోపు సరిచేయించాలి. ముసలి దంపతులిద్దరే ఉన్న ఇంటికి ఇరవై ఏళ్లుగా సరిపోయిన ట్యాంకు, పదిహేను మంది అతిథులు రోజుకు రెండుసార్లు స్నానం చేస్తే రెండు వారాల్లోనే తోటలోకి పొంగుతుంది. 20 మంది వాడుకకు మించిన వ్యవస్థ అవసరమైతే వర్తించే నిబంధనలే మారిపోతాయి.

కాగితాల పని దానితో పోలిస్తే తేలిక. మొదటి అతిథి రాకముందే మేరీలో 13566 అంకె ఉన్న ప్రకటన పత్రం ఇచ్చి రసీదు తీసుకోవాలి. గదులెన్ని, ఎందరు పడతారు, ఏ నెలల్లో తెరుస్తారు అన్నవి అందులో రాయాలి. ఇవ్వకపోతే 450 యూరోల దాకా జరిమానా ఉంది. ఇది వ్యాపారమే కాబట్టి నమోదు 2023 నుంచి జాతీయ పారిశ్రామిక ఆస్తి సంస్థ ఇన్పి నడిపే ఒకే కిటికీ వెబ్‌సైటులో జరుగుతుంది. గది ధరలు బయట, అతిథులను ఆహ్వానించే చోట, గది లోపల కనబడాలి. 25 యూరోలు, ఆపైన ప్రతి చెల్లింపుకూ బిల్లు ఇవ్వాలి. పెద్దవారైన అతిథుల నుంచి బస పన్ను వసూలు చేసి కమ్యూన్‌కు, అంటే ఊరి పాలక సంస్థకు కట్టాలి. ముందస్తు డబ్బు తీసుకునేటప్పుడు ఒప్పందంలో దానికి ఏ పేరు పెట్టారో చూసుకోండి. ఆర్ అని రాస్తే అతిథి ఆ డబ్బు వదులుకుని రద్దు చేసుకోవచ్చు, మీరు రద్దు చేస్తే రెట్టింపు ఇవ్వాలి. అకోఁట్ అని రాస్తే ఇద్దరూ ఒప్పందానికి పూర్తిగా కట్టుబడినట్టే. ఏమీ రాయకపోతే చట్టం మొదటిదిగానే చూస్తుంది.

విదేశీ అతిథి వస్తే పోలీసు పత్రం నింపించి సంతకం తీసుకోవాలి. యూరప్ వారైనా, హైదరాబాదు నుంచి వచ్చిన మీ మేనమామ స్నేహితుడైనా డబ్బిచ్చి బస చేస్తే ఈ నియమం ఒకటే. మన దేశంలో విదేశీ అతిథి వివరాలు రాసే ఫారం-సి 24 గంటల్లో అధికారులకు పంపాలి. ఇక్కడ ఆ పత్రాన్ని ఆరు నెలలు భద్రపరచి, పోలీసులు అడిగినప్పుడు చూపితే చాలు.

పన్ను విషయంలో పాత పుస్తకాలను నమ్మకండి. మొన్నమొన్నటి దాకా అతిథి గదుల ఆదాయంలో 71 శాతాన్ని ఖర్చుగా భావించి మిగిలినదానికే పన్ను వేసేవారు. 2024 నాటి ఆ చట్టమే 2025 ఆదాయం నుంచి దానిని 50 శాతానికి తగ్గించి, ఈ సులభ పద్ధతికి పరిమితిని 77,700 యూరోలుగా పెట్టింది. అయిదు గదులను 110 యూరోల చొప్పున ఏడాదికి 120 రాత్రులు ఇవ్వగలిగారనుకోండి, రాబడి 66,000 యూరోలు. పాత లెక్కలో 19,140 మీద పన్ను పడేది, ఇప్పుడు 33,000 మీద పడుతుంది. పలకల కప్పు, బాయిలర్ ఇంధనం, తోటమాలి జీతం ఉన్న ఇంటికి నిజమైన ఖర్చు సగం దాటడం మామూలే. అందువల్ల అసలు ఖర్చులు చూపే పద్ధతికి మారడం, దాని కోసం ఒక అకౌంటెంటును పెట్టుకోవడం చాలామందికి తప్పదు. దీనికి తోడు, లాభం సామాజిక భద్రత చందాల లెక్కకు ప్రభుత్వం ఏటా ప్రకటించే పరిమితిలో 13 శాతం దాటితే, 2025కు అది 6,123 యూరోలు, స్వతంత్ర వృత్తివారి చందాలు కట్టాలి. రక్షిత కట్టడాల యజమానులకు మరమ్మతు ఖర్చుల మీద పన్ను రాయితీ ఉంది గానీ, ఇంటిని పదిహేనేళ్లు అమ్మకుండా ఉంచుకోవాలి. సందర్శకులకు తెరిచిన కట్టడంగా రాయితీ పొందాలంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపల సెలవురోజులు 25 కలిసేలా 50 రోజులు, లేదా జూలై నుంచి సెప్టెంబరు లోపల 40 రోజులు తలుపులు తీయాలి. ఆ రోజుల్లో అతిథులు మెట్ల మీద టికెట్టు కొన్న సందర్శకులతో కలిసి నడవవలసి వస్తుంది.

మనవాళ్లకే ప్రత్యేకమైన ఒక విషయం ఉంది. 1954లో యానాం, పుదుచ్చేరి భారత్‌కు అప్పగించబడి, 1962లో ఒప్పందం అమల్లోకి వచ్చాక ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాల వారసులకు ఈ వ్యాపారం చేయడానికి నివాస పత్రాల అడ్డంకి లేదు. భారతీయ పాస్‌పోర్టు మీద ఉన్నవారి పరిస్థితి వేరు. ఇల్లు కొనడానికి ఏ పత్రమూ అడగరు, ఆస్తి పత్రాలు రాసి నమోదు చేయించే అధికారి నోటేర్ సంతోషంగా సంతకం చేయిస్తాడు. కానీ సందర్శకుల హోదాలో ఉన్నవారు ఇక్కడ ఎటువంటి ఉద్యోగవ్యాపారాలూ చేయబోమని రాసిచ్చి ఉంటారు, కాబట్టి గదులు అద్దెకు ఇవ్వడం ఆ మాటకే విరుద్ధం. జీతం కోసం ఇచ్చిన పత్రంతో వ్యాపారం నడపవచ్చా లేదా అన్నది ఏ రకం పత్రమో చూసి ప్రెఫెక్చర్‌లో, అంటే ప్రెఫెక్టు కార్యాలయంలో తేల్చుకోవాలి, హోదా మార్చుకోవలసి వస్తే అది ఇల్లు కొనకముందే జరగాలి.

కొనుగోలు ముందస్తు ఒప్పందం మీద సంతకం పెట్టిన తర్వాత కొనేవారికి పది రోజుల పాటు కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే హక్కు ఉంటుంది. ఆ పది రోజుల్లో స్పాంక్ సమాధానం గానీ, సంస్కృతి శాఖ అభిప్రాయం గానీ, ప్రెఫెక్చర్ ఉత్తరం గానీ రాదు. అందువల్ల వీటిలో మీకు అవసరమైనవి అనుకూలంగా వస్తేనే కొనుగోలు పూర్తవుతుందన్న షరతులను ఆ ఒప్పందంలోనే రాయించమని నోటేర్‌ను అడగండి. అమ్మేవారు ఒప్పుకోకపోతే, మంచి ఇల్లు చేజారిపోతుందన్న తొందరలో సంతకం పెట్టకుండా, వారు ఎందుకు ఒప్పుకోవడం లేదో ముందు కనుక్కోండి. ఇక మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.